వాయిదా

మా కళాశాలలో ఉర్దూ శాఖకూ తెలుగు శాఖకూ మధ్య ఒక చెక్క బీరువా మాత్రమే అడ్డు. దానికి అవతల కూర్చునే ఉర్దూ అధ్యాపకులు నాకంటె వయస్సులో పెద్దవారు. 2024 అక్టోబరులో ఒకనాటి మధ్యాహ్నం నేను ఫోనులో ఎవరితోనో "వాయిదా తేదీ, వాయిదా తేదీ" అని పలుమార్లు అనడం వారి చెవిని బడింది. నేను ఫోను పెట్టేసిన తరువాత వారు బీరువా పక్కనుండి తొంగిచూసి, "మా మాటను మీ తెలుగులో ఏం చేశారు భాయ్! వాదా అంటే ఇచ్చిన మాట. మీరేమో అప్పు వాయిదా, కోర్టు వాయిదా, సభ వాయిదా అంటారు. ఇచ్చిన మాటను వెనక్కు జరిపేదాకా మీకు నిద్ర పట్టలేదు" అని నవ్వారు.

ఆ సమయంలో నేను నవ్వే స్థితిలో లేను. సంగతి చిన్నదే. మా అమ్మీ కంటి ఆపరేషను నిమిత్తం ఒక బ్యాంకు కార్డు మీద కొంత సొమ్ము వాడవలసి వచ్చింది. ఆ కార్డు నా వద్ద ఆరేండ్లుగా ఉన్నది. ప్రతి నెల 12వ తారీఖు దాని గడువు. నాకు జీతం 5వ తారీఖు ప్రాంతంలో వస్తుంది. వచ్చిన మరునాడే కార్డు బాకీ కట్టివేయడం, అటుపిమ్మట కిరాణా కొట్టువాని ఖాతా చూడడం నా అలవాటు. ఆరేండ్లలో ఒక్క నెల తప్పలేదు. వడ్డీ అనే మాట మా ఇంటిలో ఎవరికీ ఇష్టం లేదు. గడువులోగా కడితే వడ్డీ పడదు గనుక ఆ కార్డు నా జేబులో ఉండడానికి అబ్బా ఒప్పుకున్నారు. ఆయన పోయిన తరువాత కూడ ఆ షరతును నేను తప్పలేదు.

ఆ నెల 6వ తారీఖున యథాప్రకారం సొమ్ము కట్టాను. తరువాతి లెక్క వచ్చినప్పుడు చూస్తే ఆలస్య రుసుము 500 రూపాయలు, దాని మీద నూటికి 18 వంతున పన్ను 90 రూపాయలు, ఆపైన వడ్డీ. అంతా కలిసి తొమ్మిది వందల చిల్లర. గడువు 12 నుండి 2వ తారీఖుకు మారిందట. "మీ సౌకర్యార్థం" అనే మాటతో ఆరంభమైన ఒక ఉత్తరాన్ని నా ఫోనుకు పంపించారట. వెతికితే నిజంగానే ఉన్నది. చీరల దుకాణం ప్రకటనకూ, ఇంటి స్థలాల ప్రకటనకూ నడుమ అది చదవకుండా పడి ఉన్నది.

బ్యాంకువారి ఫోనులో మాట్లాడిన కుర్రవాని కంఠం తెలుగు కంఠమే. ఎంతో మర్యాదస్థుడు. "సమాచారం ముందే పంపించాం కదా సార్" అన్నాడు. "జీతం 5న వచ్చే మనిషికి 2వ తారీఖు గడువు పెట్టడం నా సౌకర్యం ఎట్లా అవుతుంది నాయనా?" అని అడిగాను. "సమాచారం ముందే పంపించాం సార్" అని మళ్ళీ అన్నాడు. అతడు వేరొక మాట అనే వీలు అక్కడ లేదని గ్రహించాను. మా కళాశాలలో చదివిన పిల్లలలో కొందరు హైదరాబాదులో ఇటువంటి ఉద్యోగాలే చేస్తున్నారు. ఆ కంఠం నా శిష్యునిదే అయి ఉండవచ్చును. ఆ ఆలోచన రాగానే నా స్వరం తగ్గింది.

కోపం తగ్గలేదు. కోపం వచ్చిన అధ్యాపకుడు పుస్తకాల మీద పడతాడు. రిజర్వు బ్యాంకువారు 2022లో కార్డుల విషయమై జారీచేసిన ఆదేశాలను తెప్పించుకొని చదివాను. గడువు దాటి మూడు రోజులు గడిస్తేనే ఆలస్య రుసుము వేయాలని అందులో ఉన్నది. నాది నాలుగు రోజులు! లెక్కపత్రం గడువుకు కనీసం పదునాలుగు రోజుల ముందు పంపాలని ఉన్నది. పంపించారు. గడువు తరువాత మిగిలిన బాకీ మీదనే రుసుము లెక్కించాలని ఉన్నది. ఆ దినం నా బాకీ అంతా మిగిలే ఉన్నది గదా. అన్నిటికంటె ముఖ్యమైనది, లెక్క తిరిగే దినాన్ని కనీసం ఒక పర్యాయం తన ఇష్టప్రకారం మార్చుకునే హక్కు కార్డు గల మనిషికి ఉన్నదట. 2024 మార్చిలో చేసిన సవరణలో ఈ మాటను మరింత స్పష్టం చేశారు. నాకా హక్కు ఉన్నదని నాకు తెలియదు. తెలిసిన తరువాత కోరితే రెండు నెలలకు తారీఖును 12కు తిరిగి మార్చారు. తొమ్మిది వందలు మాత్రం తిరిగి రాలేదు. చట్టప్రకారం వారి తప్పు ఏదీ లేదు. అందువలన నా కోపానికి నిలవడానికి చోటు లేకపోయింది.

మా అమ్మీ మహబూబాబాదులో ఉంటుంది. ఆమె నోట ఆ ఊరు నేటికీ మానుకోటే. తెల్లకార్డు ఇల్లు గనుక 2024 మార్చి నుండి గృహజ్యోతి పథకం కింద నెలకు 200 యూనిట్లలోపు కరెంటుకు ఆమెకు సున్నా బిల్లు వస్తుంది. ఆ సంఖ్య ఒక్క యూనిటు దాటినా బిల్లు మొత్తం కట్టవలసిందే. ఆనాటి నుండి మీటరు చదివే మనిషి వచ్చిన దినాన్ని తలుపు వెనుక సుద్దముక్కతో గీత గీసి లెక్కపెడుతున్నది. ముప్పయి గీతలు దాటితే ఆమెకు కలవరం. "ఆ పిల్లవాడు రెండు దినాలు ఆలస్యంగా వస్తే నేను రెండు దినాల ఫ్యాను ఎక్కువ తిప్పినట్టు గదరా" అంటుంది. ఎండాకాలంలో ఒక నెల ఆఖరు వారమంతా ఫ్యాను బందు చేసి విసనకర్రతో కూర్చున్నదని మా చెల్లెలు చెబితే గాని నాకు తెలియదు. ఆ చెల్లెలు ఉండేది భూపాలపల్లిలో. మా బావ సింగరేణిలో పని చేస్తాడు. అక్కడికి సమీపాన చెల్పూరులో 500 మెగావాట్లు ఒకటి, 600 మెగావాట్లు ఒకటి, రెండు విద్యుత్ యూనిట్లు బొగ్గును కరెంటుగా మారుస్తుంటాయి. ఆ పొగ గొట్టాలను బస్సు కిటికీలో నుండి చూసినప్పుడల్లా నాకు మా అమ్మీ సుద్దగీతలు జ్ఞప్తికి వస్తాయి.

2024 జూలై 1న హైదరాబాదు వైపు విద్యుత్ పంపిణీ సంస్థ, ఇకమీదట ఫోనులోని ప్రైవేటు యాపులలో బిల్లు కట్టవద్దని, తమ సొంత యాపులోగాని వెబ్‌సైటులోగాని కట్టాలని ప్రకటించిన సంగతి పాఠకులకు జ్ఞాపకం ఉండవచ్చును. రిజర్వు బ్యాంకు నిబంధన దానికి కారణం. కొద్దికాలానికే పాత మార్గం తిరిగి తెరుచుకున్నది. కాని ఆ నడుమ ఎందరో వృద్ధులు అలవాటైన తోవ మూసుకుపోయి నిలబడిపోయారు. బిల్లు మారలేదు, గడువు మారలేదు, ద్వారం మాత్రమే మారింది. మనిషికి అంతమాత్రం చాలు.

మా దాదా నిజాము కాలంలో మానుకోట తాలూకా కచ్చేరీలో జవానుగా పనిచేశారు. ఆయన రేకుపెట్టెలో కొన్ని రసీదులు మిగిలాయి. వాటి మీద తారీఖులు ఆజర్, దై, బహమన్ అనే నెలలలో ఉంటాయి, సంవత్సరం ఫసలీ. చిన్నతనంలో అది ఏదో దేశాంతరపు లెక్క అనుకునేవాడిని. ఫసల్ అంటే పంట. విద్యార్థులు ఈ విషయం గమనించాలి. హిజ్రీ సంవత్సరానికి 354 దినాలు. అది సూర్యుని సంవత్సరం కంటె సుమారు 11 దినాలు తక్కువ. శిస్తు గడువును చంద్రుని నెలలలో పెడితే అది ఏటేటా 11 దినాలు ముందుకు జరుగుతుంది. వరి మాత్రం జరగదు. కొంతకాలానికి గింజ పాలుపోసుకోకముందే కిస్తు అడగవలసి వస్తుంది. ఈ చిక్కు తెలిసే అక్బరు కాలంలో పంటల సంవత్సరాన్ని వేరు చేశారు. దక్కనులో షాజహాను కాలాన, 1636 ప్రాంతంలో, హిజ్రీ 1046 నుండి ఫసలీ విడివడింది. 2024 జూలైలో హిజ్రీ 1446 ఆరంభమైతే ఫసలీ 1434 ఆరంభమైంది. తీసివేత చేసి చూడండి. అటు 400 సంవత్సరాలు, ఇటు 388. చంద్రుని లెక్కన వసూలు చేసి ఉంటే 388 పంటలు పండించిన రైతు 400 శిస్తులు కట్టవలసి వచ్చేది. పన్నెండు ఎక్కువ. ఆ పాలకులు దయాళువులని నేను అనడం లేదు. శిస్తు కట్టలేక ఊళ్ళు విడిచిన వారి కథలు మన జిల్లాలకు కొత్తవి కావు. అయినను గడువు అనేది కట్టేవాని చేతికి సొమ్ము వచ్చే దినాన్ని బట్టి ఉండాలనే పాటి గ్రహింపు ఆ కచ్చేరీలకు ఉండేది. మొన్నమొన్నటిదాకా మన పహాణీ నకళ్ళ మీద ఆ ఫసలీ సంఖ్య కనబడేది.

ఇంతవరకు వ్రాసినదంతా బీరువా పక్కన కూర్చొని మిత్రులకు చెప్పుకొని సంతోషించదగినదే. అసలు చెప్పవలసినది ఇప్పుడు చెబుతాను. కమిటీ పెద్దలు కూడ ఈ సంచిక చదువుతారు గనుక చెప్పడమే ధర్మం.

ఆ సంవత్సరం పరీక్ష రుసుము వసూలు బాధ్యత నాది. విశ్వవిద్యాలయం ఇచ్చే ఆఖరు తారీఖుకు కొన్ని దినాల ముందు కళాశాల తన తారీఖును పెట్టుకోవడం వాడుక. లెక్కలు సరిచూసుకొని పంపడానికి ఆ వ్యవధి కావాలి. నవంబరు 25 అని మొదట ప్రకటించాను. ఆ తరువాత భూపాలపల్లిలో మేనకోడలి నిఖా నిశ్చయమైంది. నాకు వారం దినాల సెలవు కావాలి. కావున తారీఖును 15కు ముందుకు తెచ్చి, నోటీసు వ్రాసి, సంతకం చేసి బోర్డుకు అంటించి వెళ్ళాను. గడువు దాటితే వంద రూపాయలు. ఆ నియమం నాకంటె ముందునుండి ఉన్నది.

22న తిరిగి వచ్చి కౌంటరులో కూర్చున్నాను. ద్వితీయ సంవత్సరం చదివే ఒక అబ్బాయి, వాని వెంట తండ్రి వచ్చారు. జనగామకు ఇరవై కిలోమీటర్ల దూరాన వారి ఊరు. అబ్బాయి వెనుక నిలబడ్డాడు, తండ్రి కిటికీ దగ్గరకు వచ్చాడు. చొక్కా మీద పత్తి పోగులు ఇంకా అంటుకొని ఉన్నాయి. పత్తి అమ్మి వస్తున్నాడు. ప్రభుత్వ కొనుగోలు కేంద్రంలో తేమ నూటికి 12 దాటితే కొనరు. ఆ సంవత్సరం పొడవు పింజ పత్తికి మద్దతు ధర క్వింటాలుకు 7,521 రూపాయలు. ఆ ధర కావాలంటే ఎండబెట్టి, ఎండబెట్టి తేవాలి. తొందరపడితే బయట తక్కువకు అమ్ముకోవాలి. ఈ రైతు 25వ తారీఖును మనస్సులో పెట్టుకొని ఎండబెట్టాడు.

వంద రూపాయలు ఎక్కువ కట్టాలని చెప్పాను. ఆయన జగడమాడలేదు. "ఇరవై అయిదు అన్నరు గద సారూ. పదిహేను ఎప్పుడయింది?" అని మాత్రం అడిగాడు.

"నోటీసు ముందే పెట్టాం" అన్నాను.

అన్న మరుక్షణం ఆ మాట ఎవరిదో నాకు తెలిసింది. మర్యాద సైతం అదే. ఆయన కొడుకు వైపు చూశాడు. ఆ అబ్బాయి పత్తి ఏరడానికి పది దినాలుగా కళాశాలకు రాలేదు. బోర్డు చూడలేదు. తండ్రి ఎదుట ఆ సంగతి చెప్పుకోలేక తల దించుకున్నాడు. తప్పు తనదేనని వాడు నమ్మినట్టున్నాడు. నేను సరిదిద్దలేదు. వెనుక మరి ముగ్గురు నిలబడి ఉన్నారు, రసీదు పుస్తకం తెరిచి ఉన్నది, చేయి వ్రాసుకుంటూ పోయింది. తండ్రి వంద రూపాయల నోటు విడిగా తీసి ఇచ్చాడు. రసీదును మడిచి రెండు మడతలు చేసి కొడుకు చేతిలో పెట్టాడు.

25వ తారీఖు సాయంకాలం పుస్తకం తిరగవేసి లెక్క చూశాను. 16 నుండి 25 వరకు, అంటే మొదట చెప్పిన తారీఖులోపలనే వచ్చి, వంద రూపాయల వంతున ఆలస్య రుసుము కట్టినవారు పదకొండుగురు. అందులో ఎనిమిదిమంది పత్తి ఊళ్ళ పిల్లలు. ఇద్దరు మేస్త్రీల కొడుకులు. ఒక అమ్మాయి తండ్రి ఆటో నడుపుతాడు. వారెవరూ ఆలస్యంగా రాలేదు. నా మేనకోడలి పెండ్లి తొందరగా వచ్చింది.

ఆ 1,100 రూపాయలు నా జేబునుండి ఇవ్వవచ్చును గదా అని మా ఇంటిలో అన్నారు. ఇచ్చి ఉంటే అది దానం అయ్యేది. వారు కట్టినది కళాశాల ఖాతాలో జమ అయింది, రసీదు ఉన్నది, కావున ఖాతా నుండే తిరిగి రావాలని నా అభిప్రాయం. డిసెంబరు మొదటి వారంలో కార్యదర్శిగారికి దరఖాస్తు పెట్టుకున్నాను. పదకొండు రసీదుల సంఖ్యలు, తారీఖు మార్చినది నేనేనన్న మాట, మార్చిన కారణం, మూడూ అందులో వ్రాశాను. ఇకముందు ఒకసారి ప్రకటించిన గడువును వెనక్కు జరపవచ్చును గాని ముందుకు తేరాదని ఒక నియమం చేయవలసిందిగా కూడ కోరాను.

దరఖాస్తు ఫైలులో ఉన్నది. దానిని పరిశీలించవలసిన కమిటీ సమావేశం ఇప్పటికి రెండుసార్లు వాయిదా పడింది. ఉర్దూ అధ్యాపకులు ఈ సంగతి విని బీరువా అవతలినుండి ఏదో అనబోయి ఊరుకున్నారు. ఆ అబ్బాయి ఇప్పుడు తృతీయ సంవత్సరం. తరగతిలో మూడవ బల్ల మీద కూర్చుంటాడు. ఈ సంవత్సరపు నోటీసు అంటించిన దినాన దానిని తన నోటుపుస్తకంలో వ్రాసుకొని, తారీఖు కింద రెండు గీతలు గీసి, నా సంతకం కూడ ఉన్నదా లేదా అని ఒకసారి దగ్గరగా చూసి వెళ్ళాడు.