గొలుసు లెక్క

మా పెదనాన్న చేనుకూ మా చేనుకూ మధ్య ఉన్న గట్టు మూరెడు వెడల్పు. దాని మీద తగాదా మాత్రం నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉంది. గట్టు ఏటేటా మా వైపు జరుగుతోందని మా అమ్మ. ట్రాక్టరు మళ్లించినప్పుడల్లా మీ నాన్నే ఓ చాలు ఇటు లాగుతున్నాడని పెద్దమ్మ.

సైన్సు చదివేవాణ్ణి గదా, తేల్చేద్దామని కిందటి సంక్రాంతికి సెల్‌ఫోను పట్టుకుని గట్టెక్కాను. కదలకుండా ఒక్కచోటే నిలబడ్డాను. ఫోను ఒకసారి నన్ను మా చేలో చూపింది, ఇంకోసారి పెదనాన్న చేలో చూపింది. "ఏరా, నీ ఫోనుకు రెండు చేలూ కావాలంట్రా?" అన్నాడు పెదనాన్న. కూలీలందరూ నవ్వారు.

ఆ సిగ్గే నన్ను ఆర్టీకేలిబ్ దగ్గరికి తెచ్చింది. టోక్యో సముద్ర శాస్త్ర సాంకేతిక విశ్వవిద్యాలయంలో పనిచేసిన టొమోజి తకాసు రాసిన ప్రోగ్రాముల కట్ట అది. ఉపగ్రహాల నుంచి రిసీవరు పట్టిన ముడి కొలతలు ఇస్తే స్థానం లెక్క కట్టి పెడుతుంది. పైసా ఖర్చు లేదు. పైగా లోపలి లెక్క ఎవరైనా విప్పి చదువుకోవచ్చు.

ఆ లెక్క నాకు అర్థమైంది మా తాత చెప్పిన సర్వే గొలుసు వల్ల. గొలుసు 66 అడుగులు, అందులో 100 లింకులు. లింకు అంటే 20 సెంటీమీటర్ల పైచిల్లర. జీపీఎస్ ఉపగ్రహం పంపే ఎల్1 తరంగం పొడవు 19 సెంటీమీటర్లు. ఇంచుమించు లింకంతే! ఉపగ్రహం ఉండేది 20,200 కిలోమీటర్ల ఎత్తున. చివరి తరంగంలో ఎంత ముక్క వచ్చిందో రిసీవరుకు మిల్లీమీటర్లలో తెలుసు. అంతకు ముందు ఎన్ని నిండు తరంగాలు దొర్లాయో మాత్రం తెలియదు. చైన్‌మాన్ లెక్క మరిచిపోయిన గొలుసన్నమాట. ఆ సంఖ్య పూర్ణాంకమే కావాలి గనుక, నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్‌లో ట్యూనిసెన్ 1990లలో రూపొందించిన లాంబ్డా పద్ధతిలో ప్రోగ్రాము దాన్ని వెతుకుతుంది. మొదటి జవాబు రెండోదానికంటే కనీసం మూడింతలు మెరుగైతే చుక్క ఆకుపచ్చగా పడుతుంది. లేకపోతే నారింజ రంగే. 2020 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన రీసర్వేలో వాడిన రోవర్లదీ ఇదే సూత్రం. వాటి ఖరీదు వింటే మా నాన్న రెండెకరాలు అమ్ముకోవాలి.

మాస్టారు అరువిచ్చిన చిన్న రిసీవర్లు రెండు తీసుకుని వేసవిలో ఊరికి వెళ్లాను. ఒకటి మోటారు షెడ్డు కప్పు మీద కదలకుండా పెట్టాను. రెండోది మా అటు చివరి హద్దురాయి మీద. దాని పక్కనే చింతచెట్టు. ఆకుల చాటున సిగ్నలు తెగినప్పుడల్లా తరంగాల లెక్క మళ్లీ మొదటికొచ్చేది. ఆ రోజంతా నారింజ చుక్కలే. మర్నాడు రెండు గంటలు కదపకుండా ఉంచి, దిగంతానికి 20 డిగ్రీల లోపు ఉన్న ఉపగ్రహాలను లెక్కలోంచి తీసేశాక గానీ పచ్చచుక్కలు పడలేదు. ఆ తర్వాత గట్టు మధ్యన కొలిచాను.

ఎఫ్.ఎం.బి. పటంలో రాయి నుంచి హద్దుకు 310 లింకులు, అంటే 62.36 మీటర్లు. నాకు వచ్చింది 62.90. ఇంకోరోజు కొలిస్తే రెండు సెంటీమీటర్లు తేడా, అంతే. 54 సెంటీమీటర్లు ఎక్కువున్నది మా చేలో.

నాన్నకు చూపించాను. కాగితం రెండుసార్లు చదివి, "పాత గొలుసు సాగిందేమోరా" అన్నాడు. కావచ్చు. సాగితే పెదనాన్న చేను కూడా పటంకంటే ఎక్కువ రావాలి. అది కొలవాలంటే ఆయన గట్టు దిగనివ్వాలి.

ఇంజనీరింగ్ చదువుతున్న పెదనాన్న కూతురికి ముడి ఫైళ్లు మొత్తం పంపాను, నా జవాబు చెప్పకుండా. "ఆ సాఫ్ట్‌వేరు నేనూ దించుకుంటా, నేనే లెక్క కట్టుకుంటా, నీ మాట నమ్మను" అంది అక్క. చింతచెట్టు సంగతి ఒక్కటి మాత్రం చెప్పాను. నాన్నకు ఈ విషయం ఇంకా చెప్పలేదు.