సముద్రం లేని ఊరు... సాగరానికి కాపలా!

కనిగిరివాసులు సముద్రం చూడాలంటే తీరం దాకా వెళ్లాలి. ఒడ్డున నిలబడితే అలలు, వేట పడవలే కనిపిస్తాయి. చూపు ఆనని దూరంలో నౌకాదళం, తీర రక్షక దళం ఓడలు గస్తీ తిరుగుతుంటాయి. అలాంటి ఓడల్లో చాలావాటి ముందుభాగాన సన్నని పొడవాటి గొట్టంతో ఓ ఫిరంగి ఉంటుంది. దాని పేరు సీఆర్‌ఎన్‌-91. ఏ రేవు పట్టణంలోనో తయారవుతుందనుకుంటే పొరపాటే. దాని పుట్టిల్లు సముద్రమే లేని తెలంగాణలోని ఎద్దుమైలారం!

హైదరాబాద్‌కు పడమట, సంగారెడ్డికి దగ్గర్లో ఉన్న ఈ ఊళ్లో 1984లో ఆయుధ కర్మాగారం వెలిసింది. సోవియట్‌ నమూనా బీఎంపీ-2 వాహనాన్ని 'సారథ్‌' పేరుతో ఇక్కడ తయారుచేస్తారు. సైనికుల్ని మోసుకెళ్తూ, అవసరమైతే నీళ్లలోనూ ఈదే బండి ఇది. దాని మీదుండే 30 మిల్లీమీటర్ల ఫిరంగినే ఓడకు తగ్గట్టు మార్చారు. గుండు పేలినప్పుడు పుట్టే వాయువే తరువాతి గుండును సిద్ధం చేస్తుంది. అలా నిమిషానికి 550కి పైగా గుళ్లు కాల్చగల వేగం దానిది. కవచాన్ని చీల్చేవి ఒక వరుసలో, తగిలి పేలేవి మరో వరుసలో ఉంటాయి. ఏది కావాలంటే అది!

2016లో ఎద్దుమైలారం సంగారెడ్డి జిల్లాలోకి వచ్చింది. 2021 అక్టోబరు 1న కర్మాగారం ఏవీఎన్‌ఎల్‌ అనే ప్రభుత్వ కంపెనీ కిందికి వెళ్లింది. సర్కారు కొలువు ఏమవుతుందోనని కార్మిక సంఘాలు వ్యతిరేకించాయి. జిల్లా మారినా, యాజమాన్యం మారినా ఫ్యాక్టరీ పేరులో 'మెదక్‌' మాత్రం నిలిచింది. దాంతోపాటే, సముద్రానికి కాపలా కాసే పనీ!