పన్నెండు వేలు

మా ఊరు కాన్సస్ గోధుమ చేల మధ్య ఉంది. నా బ్యాంకుకి ఇక్కడ బ్రాంచి లేదు. మంచులో రాత్రి కేసులకు పోవడానికి పాత ట్రక్కొకటి బేరమాడాను. అమ్మే రైతు పన్నెండు వేల డాలర్లూ నోట్లే కావాలన్నాడు! ఏ.టి.ఎం. నాకు రోజుకి వెయ్యే ఇస్తుంది.

"పన్నెండు రోజులు తీయండి, గవర్నమెంటుకి రిపోర్టూ పోదు," అంది మా ఆవిడ.

అదే భయం. పదివేలు దాటితే బ్యాంకు రిపోర్టు చేస్తుంది. అందులో మన తప్పేమీ లేదు. దాన్ని తప్పించుకోవాలని ముక్కలు చేస్తే మాత్రం 1986 చట్టం ప్రకారం నేరం. వీసా మీద ఉన్నవాణ్ణి, రెండు రాత్రులు నిద్ర పట్టలేదు.

చివరికి ఊళ్ళో చిన్న బ్యాంకులో ఖాతా తెరిచి, డబ్బు వైరు చేయించి, ముందుగా చెప్పి తీసుకున్నాను. ఫారం నింపుతూ గుమాస్తా అడిగిన ప్రశ్న ఒక్కటే: "డాక్టరుగారూ, మా అమ్మ మోకాలికి ఆపరేషన్ తప్పదా?"