మంత్రం రక్తంలో ఉంటుందా?



హ్యారీ పోటర్ పుస్తకాలు చదివినవాళ్ళం, సినిమాలే చూసినవాళ్ళం మనలో చాలామందిమి ఉన్నాం. అందులో ఒక ప్రశ్న మమ్మల్ని వదలడం లేదు. మంత్రశక్తి అసలు ఎలా వస్తుంది?

హెర్మయినీ అమ్మానాన్నలు పళ్ళ డాక్టర్లు. మంత్రం ముక్క కూడా రాదు. ఆమె మాత్రం క్లాసులో ఫస్టు. స్కూలు కాపలా చూసే ఫిల్చ్‌ది దీనికి పూర్తిగా రివర్స్. మంత్రగాళ్ళ ఇంట పుట్టినా శక్తి రాలేదు.

2005లో నేచర్ అనే సైన్సు పత్రికలో దీనిమీద ఒక లేఖ కూడా వచ్చింది. బైపీసీ వాళ్ళకి మెండెల్ బఠానీలు గుర్తుండే ఉంటాయి. మంత్రశక్తిని అంతర్గత లక్షణం అనుకోండి. అమ్మలో ఒకటి, నాన్నలో ఒకటి జన్యువు పైకి కనబడకుండా దాగి ఉంటే, పుట్టే ప్రతి బిడ్డలో అది బయటపడే అవకాశం నాలుగింట ఒక వంతు. హెర్మయినీ లెక్క ఇలా సరిపోతుంది. ఫిల్చ్ లాంటివాళ్ళ దగ్గరే తేడా కొడుతుంది. ఇద్దరూ మంత్రగాళ్ళైతే పిల్లలందరికీ రావాలి కదా!

మాకు జన్యువు కంటే మెరోపీ కథే ఎక్కువ పట్టుకుంది. ఆమె వోల్డెమార్ట్ తల్లి. గాంట్ వంశం, స్వచ్ఛమైన రక్తం అని గొప్ప. తండ్రి తిట్లకి భయపడి ఆమెకి చిన్న మంత్రం కూడా సరిగ్గా వచ్చేది కాదు. తండ్రీ అన్నా జైలుకి పోయాకే ఆమె శక్తి బయటికొచ్చింది. అంటే రక్తంలో ఉన్నా, భయం ఉంటే పలకదు.

చివరి పుస్తకంలో ఇంకో ఘోరం ఉంది. ప్రభుత్వం వోల్డెమార్ట్ మనుషుల చేతికి పోయాక, హెర్మయినీ లాంటివాళ్ళని విచారణకి పిలుస్తారు. ఈ మంత్రదండం ఎవరి దగ్గర దొంగిలించావ్ అని అడుగుతారు. నేర్చుకున్న చదువుకి విలువ లేదు, అమ్మానాన్నలు ఎవరన్నదే లెక్క.

ఇది చదువుతుంటే మనకి కొత్తగా అనిపించదు. కాలేజీలో సీటు వస్తే "కోటా సీటు, మాది కొట్టేశారు" అన్న మాట మనలో ఎంతమంది వినలేదు? ఇంట్లో మొదటిసారి డిగ్రీ గడప తొక్కిన మనల్ని అడిగేదీ ఆ ప్రశ్నే, మాటలే వేరు.

అందుకే సీనియర్లకి మా మనవి. ఈ ఏడాది హాస్టల్‌కి వచ్చే తమ్ముళ్ళు, చెల్లెళ్ళు క్లాసులో నోరు విప్పకపోతే "వీళ్ళకి రాదు" అనేయకండి. పక్కన కూర్చోండి, నాలుగు రోజులు కలిసి చదవండి. ముందు వాళ్ళ భయం పోవాలి.