మలీద ముద్దతో బతుకమ్మ ముస్తాబు

దసరా రోజుల్లో వరంగల్ వైపు వెళ్తే సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం హనుమకొండలోని పద్మాక్షి గుట్ట దగ్గరికి తప్పకుండా వెళ్లండి. గట్టంతా పూలే! తొలిరోజు ఎంగిలిపూల బతుకమ్మకైతే వేయిస్తంభాల గుడి కిటకిటలాడుతుంది. అయితే అక్కడ మనకు కనిపించేది సగం పండుగే. మిగతా సగం పగలంతా ఇళ్లలో జరుగుతుంది.

చాప పరిచి తంగేడు, గునుగు, బంతి, చామంతి కుప్పలు పోస్తారు. గునుగు పూలను చిన్న చిన్న కట్టలు కట్టడం, రంగునీళ్లలో ముంచి ఆరబెట్టడం పిల్లల వంతు. సిబ్బిలో గుమ్మడాకులు పరిచి, మధ్యలో ఆకులు కూరుతూ, చుట్టూ పూలు వరసలుగా పేర్చడం పెద్దవాళ్ల వంతు. పిల్లలు అందిస్తేనే పెద్దవాళ్ల చెయ్యి ఆడుతుంది.

కానీ ఏడాదికోసారి కలిసే చుట్టాల పిల్లలు పిలవగానే వచ్చి కూర్చుంటారా? పట్నం పిల్లలకైతే మేనత్త దగ్గర కూడా మొహమాటమే. "అది ముట్టుకోకు, ఇది పాడుచెయ్యకు" అన్నామా, లేచి టీవీ ముందుకో, ఫోన్ దగ్గరికో పోతారు. ఇక పేర్చే పనితనం అమ్మమ్మలతోనే ఆగిపోదూ?

దీనికి మందు మలీద. వేడి రొట్టెను తుంపి, బెల్లం తురుము, నెయ్యి వేసి చేత్తో బాగా నలిపి ముద్దలు కట్టడమే. ముందుగా గౌరమ్మకు నైవేద్యం తీసి పక్కన పెట్టండి. మిగిలింది ఒకే పళ్లెంలో చాప మధ్యన ఉంచి, పెద్దవాళ్లూ పిల్లలతో పాటే తినాలి. విడిగా ప్లేట్లలో ఇచ్చి పంపేస్తే లాభం లేదు. పక్కపక్కన కూర్చుని తింటుంటే మాటలు వాటంతటవే వస్తాయి. అప్పుడు "ఈ వరసకు ఏ రంగు వేద్దాం?" అని అడిగి చూడండి. చెప్పిన పిల్లే ఆ వరస పూర్తయ్యేదాకా కదలదు!

ఏడోరోజు వేపకాయల బతుకమ్మకు బియ్యప్పిండిని వేపకాయల్లా చుట్టే పనీ పిల్లలకే ఇవ్వండి. నూనెలో వేయించడం మాత్రం మీరే చూసుకోండి. సద్దుల నాడు పెరుగన్నం, పులిహోర, కొబ్బరన్నం, నువ్వులన్నం లాంటివి ఎలాగూ ఉంటాయి. నిమజ్జనం అయ్యాక అందరికీ ఆ సద్దులు పంచే గిన్నె కూడా పిల్లల చేతికే ఇవ్వండి. వచ్చే ఏడు గునుగు కోయడానికి వాళ్లే ముందుంటారు.