తిని చూడు అన్నయ్యా

రాత్రి భోజనాలయ్యాక తమ్ముడితో చదరంగంలో క్వీన్స్ గాంబిట్ ఆరంభం మీద వాదన.
"రెండో ఎత్తులోనే బంటు ఊరికే ఇచ్చేస్తావేంట్రా?"
"తిని చూడు అన్నయ్యా."

తిన్నాను. దాన్ని నిలబెట్టుకోబోయి బీ5, సీ6 ఆడాను. ఆరో ఎత్తులో వాడి మంత్రి ఎఫ్3కి వచ్చి మూలనున్న నా ఏనుగు మీద కన్నేసింది!

పక్కనే మా అమ్మాయి ఇంటర్ లెక్క. ఎక్స్ 3కి దగ్గరవుతుంటే ఎక్స్ స్క్వేర్ మైనస్ 9 బై ఎక్స్ మైనస్ 3.
"సున్నా బై సున్నా. ఆన్సర్ లేదు నాన్నా."
లేదేమో అనేశాను నేనూ.

తమ్ముడు బోర్డు మీంచి తలెత్తలేదు. "పైదాన్ని విడగొట్టమ్మా."
ఎక్స్ మైనస్ 3 పైనా కిందా కొట్టేసింది. మిగిలింది ఎక్స్ ప్లస్ 3. జవాబు 6.

చూడగానే తేల్చేయడం నాకెప్పటి జబ్బో!

ఏనుగు దక్కింది, గుర్రం పోయింది.
ఆ బంటు తిన్నవాళ్లెవరైనా ఉంటే తర్వాతేం ఆడాలో చెప్పండి. రేపు రాత్రి మళ్లీ ఆట ఉంది.