ఎఱ్ఱసముద్రముపై ఏడు రాత్రులు

నౌకాయాత్ర చేసి వచ్చితిమని తెలియగానే మా వీధిలోని యమ్మలక్కలు పలువురు మా యింటికి వచ్చి, ఏమి చూచితిరి, ఏమి తింటిరి, ఎంత వ్యయమైనదని యడుగ మొదలిడిరి. నాడు వారికి చెప్పినది కొంత, చెప్పక దాచినది కొంత. ఆ దాచినదానిని గూడ చేర్చి యిప్పుడు వ్రాయుచున్నాము. మాకు ఆలస్యముగా కలిగిన బుద్ధి మఱియొకరికి ముందుగనే కలిగిన మేలు కదా యని మా తలంపు.

మా తండ్రిగారు పౌరోహిత్యముతో జీవించిన పండితులు. మా తమ్ముని పట్టణమునకు పంపి ఇంగ్లీషు చదివించిరి. మా యూరి బడి అయిదవ తరగతితో ముగియును. ఆపై చదువునకు మూడు మైళ్లు నడువవలెను. ఆడుపిల్లను అంత దూరము పంపుటకు మా నాయనమ్మ యొప్పుకొనలేదు. ఆ లోటు తీర్చుటకై నాయనగారు ప్రతిదినము మధ్యాహ్నము మమ్ము కూర్చుండబెట్టుకొని అమరము, ఆంధ్ర మహాభారతము, వసుచరిత్రము, బాలవ్యాకరణము చెప్పిరి. పెండ్లియై వచ్చిన పిదప, చిన్న ప్రయివేటు పాఠశాలలో ఉపాధ్యాయులైన మా వారు, సార్వత్రిక విద్యాపీఠము వారి పదవ తరగతి పరీక్షకు కూర్చుండుమని పదిమార్లు చెప్పిరి. వసుచరిత్రమునకు అర్థము చెప్పగలవారము, పిల్లలతోపాటు బల్లపై కూర్చుండి ఆవు మీద వ్యాసము వ్రాయవలెనా యని మేము నవ్వి త్రోసివేయుచుంటిమి. అది గర్వమని యప్పుడు మాకు తోచలేదు.

మా తమ్ముడు విదేశీయుల విలాసనౌక యొకదానిలో యంత్రశాఖయం దుద్యోగి. ఖాళీగా మిగిలిన గదులను ఉద్యోగుల బంధువులకు తక్కువ వెలకు ఇచ్చు వాడుక ఆ నౌకలో కలదు. "అక్కా! నీవును బావగారును తప్పక రావలెను. నాయనగారిని ఎటును తీసికొని పోలేకపోయితిని" అని వాడు ఫోనులో కన్నీరు పెట్టుకొనగా కాదనలేకపోయితిమి. అమ్మాయిని అత్తగారి వద్ద నుంచి, 2023 ఫిబ్రవరిలో బయలుదేఱితిమి.

పాస్‌పోర్టు వచ్చినప్పుడు అందులో నొక ముద్ర యుండెను. ఈ.సి.ఆర్. అను మూడక్షరములు. పదవ తరగతి నెగ్గనివారి పాస్‌పోర్టులలో ఆ ముద్ర వేయుదురు. 1983వ సంవత్సరపు చట్టము ననుసరించి, అట్టివారు గల్ఫు దేశములు మొదలగు పదునెనిమిది దేశములకు కూలిపనికి పోవలెనన్న సర్కారువారి యనుమతి పొందవలెను. దళారుల మోసములనుండి నిరక్షరులను కాపాడుటకై యేర్పఱచిన కట్టుబాటది. విహారమునకు పోవువారికి దానితో పనిలేదు. మా వారు ఇదంతయు వివరించి చెప్పినను, నిరక్షరులలో మమ్మును చేర్చిరి గదా యని మనస్సు చివుక్కుమనెను.

విమానాశ్రయములో పత్రములు చూచు నధికారి మా వారిని పంపివేసి మమ్ము మాత్రము ప్రక్కన నిలువుమనెను. మేము దిగబోవు రేవులలో జోర్డాను దేశపు అఖబా యొకటి. ఆ పదునెనిమిది దేశములలో జోర్డాను గూడ కలదు. తిరుగు టిక్కెట్టు ఏదీ, నౌకవారి ఉత్తరమేదీ, ఏ పనికి పోవుచున్నావు అని ఏకవచనముతో ప్రశ్నలు. పనికి కాదనిన నమ్మలేదు. మా వారు తిరిగివచ్చి కాగితములు చూపువఱకు గంటసేపు గోడప్రక్క నిలిచితిమి. ఇన్ని పద్యములు కంఠస్థముగా నుండియు నోట మాట పెగలలేదు.

మా ప్రక్కనే కడపజిల్లా ఆమె యొకతె నిలిచియుండెను. కువైటులో నొక యింట వంటపనికి మూడవమారు పోవుచున్నదట. మా చేతిలోని పుస్తకము చూచి, "అమ్మా, మీకూ ఈ ముద్రేనా? మీరూ పనికేనా?" అని యడిగెను. కాదంటిమి. చదువు సంగతి యడుగగా, ఇంటనే తండ్రిగారు చెప్పిరంటిమి. ఆమె ఆశ్చర్యపడి, "అంత చదివినారు గదమ్మా, ఆ ఒక్క కాగితం ఎందుకు తెచ్చుకోలేదు?" అనెను. ఏమి చెప్పుదుము? తన యిద్దఱు ఆడుపిల్లలు తల్లి వద్ద నున్నారనియు, పెద్దది ఎనిమిదవ తరగతి యనియు చెప్పి, "అది పది పాసయ్యేదాకా పోతానమ్మా. దాని పుస్తకంలో ఈ ముద్ర పడగూడదు" అనెను. ఇంతలో ఆమెను పిలిచిరి. పేరైనను అడుగుటకు వ్యవధి లేకపోయెను.

ఇక నౌక సంగతి. కైరో నగరమునుండి మోటారుపై అయిన్ సొఖ్నా అను రేవు చేరి యెక్కితిమి. అది తెల్లని హంసవలె నుండెను. పడకగదికి గాజుతలుపు, ఆవల చిన్న వసారా, దాని క్రిందనే సముద్రము. పడక సవరించు కుఱ్ఱవాడు తువాలును మడిచి యొకనాడు ఏనుగుగను, ఒకనాడు కొంగగను చేసి మంచముపై నుంచును. దానిని విప్పుటకు మాకు చేతులు రాలేదు. మా తమ్ముడు చెప్పియుంచుటచే వంటవారు మాకై పప్పు వండిరి. ఇంగువ లేదుగాని పప్పే. మొదటి రెండుదినములు మా కంచము మేమే కడుగబోయి నవ్వులపాలైతిమి.

ఎఱ్ఱసముద్రము ఎఱ్ఱగా నుండదు. లోతున నీలము, ఒడ్డున నెమలికంఠపు వన్నె. ఏడాది పొడుగునను పాఱు నది యొకటియు దానిలో కలియదు. వానలు లేవు. ఎండకు నీరు ఆవిరియగుచుండును. అందుచేత ఉప్పు మెండు. షరమ్ ఎల్ షేక్ అను పట్టణమునొద్ద, అడుగున గాజుపలకలు బిగించిన పడవలో కూర్చుండి పగడపుదిబ్బలు చూచితిమి. పగడమనగా నగలోని పూసయే యనుకొను మాకు, అది జీవులు కట్టుకొన్న యూరని యప్పుడు తెలిసెను. చిలుకపచ్చ, పసుపు, ఊదా రంగుల చేపలు ఆ వీధులలో తిరుగుచుండెను. సమీపమున రాస్ మహమ్మద్ అను చోటును 1983లో రక్షితప్రదేశముగా ప్రకటించిరి.

ఆ తీరమంతయు విలాసభవనములే. వెనుక పచ్చగడ్డి పోచయైనను లేని కొండలు, ముందు ఈదులాడు కొలనులు, గులాబితోటలు. ఈ నీరెక్కడిదని మా తమ్ముని యడుగగా, సముద్రపునీటిని సన్నని పొరలగుండ యంత్రబలముతో త్రోసి ఉప్పును వేఱుచేయుదురనెను. బిందెడు నీటికి కుళాయి వద్ద వరుసలో నిలుచు మాకు, ఎడారిలో గడ్డికి పోయు ఆ మంచినీరు చూచి ఆనందము కంటె దిగులే హెచ్చయ్యెను.

ఆ దిగులు పెట్రాలో కొంత తీఱెను. అఖబా రేవునుండి రెండు గంటల ప్రయాణము. సుమారు పండ్రెండువందల మీటర్ల పొడవున ఇఱుకైన కొండసందు. రెండుప్రక్కలను ఎఱ్ఱని రాతిగోడలు. దాని చివర హఠాత్తుగా, కొండనే తొలిచి చెక్కిన నలువది మీటర్ల యెత్తు ముఖమండపము. దానిని ఖజానా యందురు. నిజమునకు రాజసమాధి యని పండితుల యభిప్రాయము. పైనున్న రాతికలశములో ధనమున్నదని నమ్మి పూర్వము తుపాకులతో కాల్చినారట. ఆ గుండ్ల దెబ్బలు ఇప్పటికిని కానవచ్చును. అందఱును మండపమును చూచుచుండగా మా వారు మాకు గోడ పొడవునను చెక్కిన కాలువను చూపిరి. రెండువేల యేండ్లకు పూర్వము నబతీయులను వర్తకులు, ఏడాదికి కొలదిపాటి వాన కురియు ఆ కొండలలో, ప్రతిబొట్టును ఆనకట్టలతోను, మట్టిగొట్టములతోను, తొట్లతోను పట్టి నగరము నిలిపిరి. క్రీ.శ. 106లో రోమనులు ఆ రాజ్యమును కలుపుకొనిరి. మండపముకంటె ఆ కాలువయే మాకు గొప్పగా తోచెను.

సఫాగా రేవులో దిగి, ఎడారి దాటి నైలునది చేరి, లక్సర్ నగరమునకు ఆవలియొడ్డున నున్న హత్షెప్సుత్ రాణి యాలయమునకు పోయితిమి. సోదరీమణులు ఈమె కథ వినదగును. ఈమె రాజపుత్రి, రాజపత్ని. భర్త పోగా సవతికొడుకు పసివాడగుటచే రాజ్యము చూచి, పిదప తానే కిరీటము ధరించి, క్రీ.పూ. పదునైదవ శతాబ్దమున ఇరువది యేండ్లకు పైగా ఏలెను. నిట్రమైన కొండ క్రింద మూడంతస్తులుగా మెట్టమెట్టగా నున్న దా యాలయము. ఒక గోడపై, ఈమె ఎఱ్ఱసముద్రమున పుంత్ అను దేశమునకు పంపిన అయిదు నౌకల చిత్రములు చెక్కియున్నవి. సుగంధపు జిగురు నిచ్చు చెట్లను వేళ్లతో సహా బుట్టలలో నుంచి, కావళ్లపై మోసి నౌక కెక్కించుచున్నారు. వియ్యాలవారింటినుండి మల్లెయంటు తెచ్చుకొన్నట్లు, ఒక రాణి సముద్రము దాటించి చెట్లు తెప్పించుకొన్నది గదా యని సంతోషించితిమి.

కాని ఆ గోడలపై పెక్కుచోట్ల ఆమె రూపము లేదు. మనుష్యాకారముగా ఉలి గాట్లు మాత్రమున్నవి. ఆమె మరణానంతరము ఆమె పేరును, ప్రతిమలను చెక్కివేయించిరి. రాజుల పట్టికలలో ఆమెను చేర్చలేదు. దరిదాపు మూడువేల యేండ్లు లోకము ఆమెను మఱచిపోయెను. 1822లో ఐగుప్తుల లిపి గుట్టు విప్పిన షాంపోల్యోఁ అను ఫ్రెంచి పండితుడు 1829లో ఆ యాలయమునకు వచ్చి గోడలు చదివి విస్తుపోయెనట. బొమ్మకు గడ్డమున్నది, రాజవేషమున్నది. కాని ఆ రాజును గూర్చిన మాటలు స్త్రీలింగములో నున్నవి! ఉలి పట్టినవారు పేరు చెక్కివేసిరి గాని ప్రత్యయములన్నిటిని చెక్కివేయలేకపోయిరి. ఆమె స్త్రీయని లోకమునకు సాక్ష్యము చెప్పినది వ్యాకరణము.

మార్గదర్శకుడు ఈ మాట చెప్పుచుండగా మాకు నాయనగారు జ్ఞప్తికి వచ్చిరి. బాలవ్యాకరణములో లింగమును గూర్చిన సంగతులు వచ్చినప్పుడు, పురుషులే మహత్తులు, స్త్రీలు ఏకవచనమున పశువులతోను రాళ్లతోను చేరుదురా యని చిన్ననాడు మేము అలిగి పుస్తకము మూసితిమి. నాయనగారు నవ్వి, "బహువచనములో అందఱును ఒక్కటేనమ్మా" అనిరి. అట్లు నేర్పిన చదువు మాలో నున్నది. కాని దానికి గోడపై గుర్తేది? హత్షెప్సుత్ పేరును పగవారు చెక్కివేసిరి. మా పేరును ఎవరును చెక్కివేయలేదు. వ్రాసికొను నవకాశము పదిమార్లు వచ్చినను మేమే వ్రాసికొనలేదు. గోడప్రక్క నిలిపిన యధికారిపై ఇన్నిదినములు లోలోపల మండిపడితిమిగాని, ఆ కడపజిల్లా తల్లి యడిగిన ప్రశ్నకు మాత్రము మావద్ద జవాబు లేదు.

ఆ రాత్రి నౌక వసారాలో కూర్చుండి మా వారితో, "పరీక్షకు దరఖాస్తు ఎప్పుడు పెట్టవలెను?" అంటిమి. వారు చాలసేపు మాటాడలేదు. పిదప, "ఊరు చేరగానే" అనిరి. అంతకు మించి పొగడలేదు. అది వారి మంచితనము.

ఇంటికి వచ్చిన రెండునెలలకు, ఏప్రిలు 2023లో, పత్రికలలో నొక వార్త చదివితిమి. మేము దిగిన సఫాగాకు దక్షిణమున అదే తీరమందున్న బెరెనికే అను ప్రాచీనరేవు త్రవ్వకములలో పాలరాతి బుద్ధవిగ్రహమును, శాతవాహనుల నాణెములు రెండును దొరకినవట. మన శాతవాహనుల నాణెములు! ఆ మార్గమున మనవారి సరకులు రెండువేల యేండ్లనాడే పోయినవన్నమాట. అదే సంవత్సరము నవంబరు నుండి ఎఱ్ఱసముద్రపు దక్షిణభాగమున ఓడలపై దాడులు మొదలై, అనేక నౌకలు ఆఫ్రికాఖండమును చుట్టి పోవలసివచ్చినది. మా తమ్ముని నౌకయు ఆ మార్గము విడిచెను. మేము చూచుట అదృష్టమే.

2024లో మా అమ్మాయి తన బడి తరఫున, మేము సార్వత్రిక విద్యాపీఠము తరఫున పదవ తరగతి పరీక్ష వ్రాసితిమి. సాయంకాలములందు ఆమె మాకు బీజగణితము చెప్పెను, మేము ఆమెకు సంధులు చెప్పితిమి. తెలుగున మాకు 93 వచ్చినవి. గణితమున 41. ఆ నలువదియొకటికి పడిన శ్రమ వసుచరిత్రమునకును పడలేదు. ఆవు మీద వ్యాసము మాత్రము రాలేదు.

సోదరీమణులారా! ఇంట చదివిన చదువు చిన్నదని మేము అనము. అది లేనిచో ఆ గోడలు మాకు వట్టి రాళ్లే యగును. కాని మీలో మావలె చదివి కాగితము లేక యున్నవారు, వయస్సు మీఱినదని సిగ్గుపడక ఈ యేడే దరఖాస్తు పెట్టుడు. ఆ పరీక్షకు పైవయస్సు హద్దు లేదు. కడపజిల్లా ఆమె పెద్దకూతురు ఈపాటికి పదవ తరగతి వ్రాసియే యుండవలెను. నెగ్గినదో లేదో మాకు తెలియదు. దేవునికి దీపము పెట్టునప్పుడు, పేరు తెలియని ఆ పిల్లను గూడ తలచుకొనుచున్నాము.